మన పేరు మీద ఎవరో లోన్ తీసుకుంటే: మొదటి ఫోన్ కాల్ నుంచి చివరి లెటర్ దాకా

స్కూటీ లోన్ కోసం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బ్యాంకుకి వెళ్తే, సీట్లో ఉన్న అబ్బాయి కాసేపు స్క్రీన్ చూసి, మళ్లీ నా వైపు చూసి, "మేడమ్, మీకు ఆల్రెడీ 62 వేల లోన్ ఉంది, 3 నెలలుగా కట్టడం లేదు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాసేది నేనే, రూపాయి తేడా వస్తే రాత్రి నిద్ర పట్టని మనిషిని. అతను స్క్రీన్ ఇటు తిప్పాడు. నా పేరు, నా పాన్ నంబరు, నా పుట్టిన తేదీ. ఫోన్ నంబరు మాత్రం ఎవరిదో. అడ్రస్ నేనెప్పుడూ అడుగు పెట్టని ఊరిది.

ఆ లోన్ నాది కాదని కాగితం మీద రాయించుకునేసరికి 4 నెలలు పట్టింది. అందులో మొదటి 2 నెలలు నా తెలివితక్కువతనం వల్లే పోయాయి, ఎందుకంటే రోజూ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఒక్కోసారి ఏడ్చి, ఒక్కోసారి అరిచి, "చూస్తాం మేడమ్" అనిపించుకుని పెట్టేసేదాన్ని. ఫోన్‌లో మాట్లాడింది ఏదీ ఎక్కడా మిగల్లేదు. అందుకే మీకు ముందే చెప్తున్నా, ఒక 40 పేజీల నోటు బుక్కు కొనుక్కోండి. ఎవరితో మాట్లాడారు, ఏ తేదీ, ఎన్నింటికి, కంప్లైంట్ నంబరు ఎంత అని ప్రతిదీ అందులో రాయండి. తర్వాత మీ కేసు నిలబడేది ఆ బుక్కు మీదే.

డబ్బు ఇప్పుడే పోతుంటే

లోన్ సంగతి తర్వాత. అకౌంట్‌లోంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే ఇది చదవడం ఆపి 1930కి ఫోన్ చేయండి. బ్యాంకులకీ పోలీసులకీ కలిపి నడిచే లైన్ అది, డబ్బు చేరిన అకౌంట్‌లో ఇంకా ఉంటే అక్కడే ఆపించే అవకాశం ఉంటుంది, కానీ దొంగలు నిమిషాల్లో అకౌంట్లు మార్చేస్తారు కాబట్టి ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. ఇంట్లో వాళ్లని అడిగి చేద్దాం, రేపు బ్రాంచికి వెళ్దాం అనుకోవద్దు. 1930 తర్వాత మీ బ్యాంకుకి చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ అన్నీ బ్లాక్ చేయించి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆ నంబర్లు గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనకాల ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది. గూగుల్‌లో ఫేక్ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టుకుని కూర్చునే వాళ్లు వేరే ఉన్నారు.

2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల్లో ఒక లెక్క ఉంది. మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ కాకుండా మధ్యలో ఎవరో కొట్టేస్తే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన 3 పనిదినాల్లోపు చెప్పినవాళ్ల మీద పైసా భారం పడకూడదు. 4 నుంచి 7 పనిదినాల్లో చెప్తే మామూలు సేవింగ్స్ అకౌంట్‌కి మీ మీద పడేది 10 వేలు మించకూడదు. 7 దాటితే ఆ బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే మాత్రం, మీరు బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మీ నష్టమే. చెప్పాక పోయింది బ్యాంకుది. అందుకే ఓటీపీ చెప్పేశానే అని సిగ్గుపడి దాచుకునే ప్రతి గంటా మనకే నష్టం.

నంబరు మారదు, తాళం వేయాలి

ఏటీఎం కార్డు పోతే కొత్త నంబరుతో ఇంకోటి ఇస్తారు. ఆధార్ నంబరు, పాన్ నంబరు అలా మారవు. ఒకసారి బయటికి వెళ్లాయంటే వెళ్లినట్టే. మనం చేయగలిగిందల్లా వాటిని వాడుకోకుండా తాళం వేయడం.

ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ లాగిన్ అయి బయోమెట్రిక్ లాక్ పెట్టండి. వేలిముద్రతో డబ్బు తీసే పద్ధతి ఉంది కదా, ఊళ్లలో చిన్న మెషిన్ పట్టుకుని వచ్చేవాళ్లు వాడేది, దానికి ఓటీపీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ డాక్యుమెంట్ల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి డబ్బు లాగిన కేసులు బయటపడ్డాయి. లాక్ పెడితే ఆ దారి మూసుకుంటుంది. మీకు అవసరమైనప్పుడు అదే యాప్‌లో కాసేపు తెరుచుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఇంట్లో పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లు ఉంటే వాళ్లకి చెప్పకుండా లాక్ పెట్టొద్దు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చినప్పుడు వేలు పడక, పాపం ఆ ముసలాయన తన వేలు అరిగిపోయిందనుకుని కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంటాడు. మా వీధిలో నిజంగా జరిగింది.

అదే సైట్‌లో అథెంటికేషన్ హిస్టరీ అని ఉంటుంది, గత 6 నెలల్లో మీ ఆధార్ ఎవరు, ఎప్పుడు, ఓటీపీతోనా వేలిముద్రతోనా వాడారో చూపిస్తుంది. నేను చూసేసరికి మధ్యాహ్నం 2 గంటలకి నాకు తెలియని సంస్థ పేరుతో ఒక లైను కనిపించింది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ప్రింట్ తీయించా, తర్వాత నా ఫైల్‌లో అదే మొదటి పేజీ అయింది. మీ ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబరు పాతదై ఉంటే ఇవేవీ తెరుచుకోవు, ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్లి నంబరు మార్పించుకోండి. దేశంలో మొదటి ఆధార్ సేవా కేంద్రాలు 2019 జులైలో ఢిల్లీలోనూ మన విజయవాడలోనూ పెట్టారు, కాబట్టి సెంటర్ లేదనే సాకు మనకి లేదు. ఏదైనా సందేహం ఉంటే 1947కి ఫోన్ చేయొచ్చు.

ఇంకా ఎక్కడెక్కడ వాడారో తవ్వండి

ఒక లోన్ దొరికింది కదా అని అక్కడే ఆగిపోకండి. కాగితాలు చేతిలో పడ్డవాడు ఒక్క చోటే వాడి ఊరుకోడు.

సిమ్ కార్డులు ముందు చూడండి. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథి సైట్‌లో మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే మీ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో వస్తాయి. ఈ సౌకర్యం 2021లో మొదట ఆంధ్ర, తెలంగాణలకే వచ్చింది, తర్వాతే దేశమంతా. ఒక మనిషికి మన దగ్గర 9 సిమ్‌ల దాకా ఇస్తారు. గుంటూరులో మా ఆడపడుచు వాళ్లాయన, అరండల్‌పేటలో చిన్న మెడికల్ షాపు, నా గొడవ విని సరదాగా చూసుకున్నాడు. ఆయన వాడేవి 2, లిస్టులో ఉన్నవి 6. తెలియని దాని పక్కన "ఇది నా నంబరు కాదు" అనే ఆప్షన్ నొక్కాలి, "అవసరం లేదు" అన్నది కాదు. రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ, అవసరం లేదంటే ఆ నంబరు మీదేనని ఒప్పుకున్నట్టు. వచ్చిన రిఫరెన్స్ నంబరు బుక్కులో రాసుకోండి.

తర్వాత క్రెడిట్ రిపోర్టులు, అంటే మన పేరు మీద ఉన్న అప్పుల చిట్టా. మనవాళ్లందరికీ సిబిల్ ఒక్కటే తెలుసు, నిజానికి 4 సంస్థలున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఏడాదికి ఒక్కో దాని నుంచి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ రూలు. నాలుగూ తీయండి, ఎందుకంటే ఒక దాంట్లో కనిపించని లోన్ ఇంకో దాంట్లో ఉండొచ్చు. ఆ నాలుగు సంస్థల సొంత సైట్లలోనే తీయండి, మధ్యలో ఫ్రీ స్కోర్ చూపిస్తామనే యాప్‌కి మళ్లీ మన వివరాలన్నీ ఇవ్వడం ఎందుకు. అకౌంట్ల జాబితాతో పాటు కింద ఎంక్వైరీలు అని ఉంటుంది, మన పేరుతో ఎవరెవరు లోన్‌కి అడిగారో అది. నాకు అకౌంట్ ఒకటే, ఎంక్వైరీలు 5. అంటే వాడు 5 తలుపులు తట్టాడు, ఒకటి తెరుచుకుంది.

పాన్ సంగతి ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్, అంటే మీ పాన్ మీద నమోదైన ఆదాయం, లావాదేవీల జాబితా తెరిచి చూడండి, మీకు రాని ఆదాయం, మీవి కాని లావాదేవీలు కనిపిస్తే అక్కడే అది నాది కాదని ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు. జీఎస్టీ సైట్‌లో పాన్ నంబరుతో వెతికితే మీ పేరున ఏదైనా కంపెనీ నడుస్తోందేమో తెలుస్తుంది. లెక్కలు రాసే దాన్ని కాబట్టి చెప్తున్నా, ఈ జీఎస్టీ సంగతి జనం అసలు చూసుకోరు, పన్ను నోటీసు ఇంటికొచ్చాక లబోదిబోమంటారు.

పోలీస్ కంప్లైంట్: పోర్టల్ రసీదు ఎఫ్ఐఆర్ కాదు

సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, కానీ దాంతో అయిపోయిందనుకోకండి. వచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు చూపిస్తే లోన్ కంపెనీలు చాలావరకు ఎఫ్ఐఆర్ అడుగుతాయి.

నా తిప్పలు వినండి. నా ఉద్యోగం విజయవాడ, ఇల్లు తాడేపల్లి. బ్యారేజీ దాటితే జిల్లా మారిపోతుంది. ఇటు వైపు స్టేషన్‌లో "మీ ఇల్లు గుంటూరు జిల్లా కదమ్మా, అటు వెళ్లండి" అన్నారు, అటు వైపు వెళ్తే "విషయం బయటపడింది బెజవాడ బ్యాంకులో కదా" అన్నారు. రెండు రోజులు బ్యారేజీ మీద అటూ ఇటూ తిరిగాక మా షాపు ఓనరు గారి స్నేహితుడు, ఒక లాయరు గారు, ఒక్క ముక్క చెప్పారు: జీరో ఎఫ్ఐఆర్. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, తర్వాత వాళ్లే సంబంధిత స్టేషన్‌కి పంపుకుంటారు. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. సోమవారం ఎస్పీ ఆఫీసుల్లోనూ కలెక్టరేట్లలోనూ జనం అర్జీలు తీసుకోవడానికి జరిగే పీజీఆర్ఎస్‌లో అర్జీ ఇవ్వడం కూడా మంచిదే. స్టేషన్‌లో గొంతు పెంచకుండా సెక్షన్ నంబరు రాసిన కాగితం టేబుల్ మీద పెట్టాను. మాట మారిపోయింది.

ఫిర్యాదులో కథ రాయొద్దు. తేదీల వారీగా ఒకటిన్నర పేజీ చాలు. ఐటీ చట్టం 66సీ, అంటే ఇంకొకరి గుర్తింపు వివరాలు మోసంతో వాడటం, 3 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 66డీ, కంప్యూటర్ ద్వారా వేరే మనిషిలా నటించి మోసం చేయడం. ఈ రెండూ రాయండి. క్రెడిట్ రిపోర్టు, ఆధార్ హిస్టరీ, మీ అకౌంట్ స్టేట్‌మెంట్ జత చేయండి. లాయరు పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దారి చెప్తారు.

లోన్ ఇచ్చిన కంపెనీకి లెటర్: ఇక్కడే గెలిచేది

నా దృష్టిలో అసలు పని ఇదే. క్రెడిట్ సంస్థ తనంతట తాను ఏదీ తీసేయదు, లోన్ ఇచ్చినవాడు ఔనంటేనే తీస్తుంది. కాబట్టి లోన్ ఇచ్చినవాణ్ణి పట్టుకోవాలి. కస్టమర్ కేర్‌ని కాదు, వాళ్ల వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ అని పేరు, ఈమెయిల్ పెట్టి ఉంటారు, ఆయనకి. ఈమెయిల్ పంపి, అదే ప్రింట్ తీసి స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపండి, రసీదు బుక్కులో అంటించండి. నేను రాసింది ఇంగ్లీషులోనే గానీ, సారం ఇది:

"మీ రికార్డుల్లో నా పేరున ఫలానా నంబరు లోన్ ఉంది. నేను ఈ లోన్‌కి దరఖాస్తు చేయలేదు, సంతకం చేయలేదు, డబ్బు అందుకోలేదు. ఎఫ్ఐఆర్ నంబరు ఇది, కాపీ జత చేశాను. దరఖాస్తు, తీసుకున్న కేవైసీ కాగితాలు, సెల్ఫీ, ఓటీపీ వెళ్లిన ఫోన్ నంబరు, డబ్బు జమ చేసిన బ్యాంకు అకౌంట్ నంబరు, ఆ అకౌంట్‌దారు పేరు నాకు పంపండి. విచారణ అయ్యేదాకా వసూలు ఆపండి. ఈ అకౌంట్‌నీ దానికి సంబంధించిన ఎంక్వైరీనీ అన్ని క్రెడిట్ సంస్థల నుంచి తొలగించండి."

ఆ లిస్టులో ఒక్క ప్రశ్న చాలు, డబ్బు ఎవరి అకౌంట్‌లో పడింది. నా కేసులో వాళ్ల దగ్గర సమాధానం లేక 3 వారాలు నీళ్లు నమిలారు. చివరికి పంపిన కాగితంలో నా పాన్ కార్డు కాపీ ఉంది, సెల్ఫీ చోట ఎవరో గడ్డం ఉన్న కుర్రాడి ఫోటో ఉంది. పేరు శ్రీమతి అని, ఫోటో గడ్డంతో. దాన్ని చూసి మా ఆయన ఎంత నవ్వాడో నాకు అంత ఒళ్లు మండింది.

ఇక్కడ రెండు గుంటలు ఉన్నాయి, చూసుకుని నడవండి. మొదటిది, ఇంట్లో పెద్దవాళ్లు, ఫ్రెండ్స్, ఒక్కోసారి ఆ కంపెనీ వాళ్లే, "ఒక ఈఎంఐ కట్టండి, తర్వాత చూద్దాం" అంటారు. ఒక్క రూపాయి కట్టొద్దు. కట్టారంటే లోన్ మీదేనని మీరే ఒప్పుకున్నట్టు మాట్లాడతారు. మా నాన్న అయితే పరువు పోతుందని మొత్తం తనే కట్టేస్తానన్నాడు, ఆపడానికి తెనాలి వెళ్లి కూర్చోవాల్సి వచ్చింది. రెండోది, వాళ్లు సరే మేడమ్ క్లోజ్ చేశాం అని "సెటిల్డ్" అనో "క్లోజ్డ్" అనో పెట్టేసి చేతులు దులుపుకోవాలని చూస్తారు. సెటిల్డ్ అంటే అప్పు తీసుకుని పూర్తిగా కట్టలేక బేరమాడుకున్నారని అర్థం, తర్వాత ఏ బ్యాంకు చూసినా మొహం చిట్లిస్తుంది. మనకి కావాల్సింది ఆ లైనే లేకుండా తీసేయడం. ఆ మాటే లెటర్‌లో ఉండాలి.

సిబిల్ వాళ్లకి కూడా అదే రోజు

నాలుగు సంస్థల్లో ఎక్కడెక్కడ ఆ లోన్ ఉందో అక్కడంతా డిస్ప్యూట్, అంటే ఇది తప్పు అని అభ్యంతరం పెట్టండి, ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. రిపోర్టు మీద ఉండే కంట్రోల్ నంబరు అడుగుతారు. అకౌంట్ నాది కాదు అనే కారణమే ఎంచుకోండి, బాకీ తప్పు అన్నది కాదు.

30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో ఆర్‌బీఐ చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో లోన్ ఇచ్చినవాడికి 21 రోజులు, ఆలస్యం ఎవరిదైతే వాళ్లు కట్టాలి. 100 రూపాయలు పెద్ద మొత్తమేం కాదు, కానీ ఆ రూలు సంగతి ఈమెయిల్‌లో ఒక లైనుగా రాస్తే అవతల వాళ్ల కుర్చీ కాస్త కదులుతుంది.

30 రోజులు దాటినా సమాధానం లేకపోయినా, అడ్డదిడ్డంగా రాసినా, వెంటనే బ్యాంకుల మీద, లోన్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు, సహాయానికి 14448. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నేను ఇక్కడికి వచ్చాకే కంపెనీ నుంచి మొదటిసారి పేరూ హోదా ఉన్న మనిషి ఫోన్ చేశాడు. "మేడమ్, మాకు ముందే చెప్పాల్సింది" అన్నాడు. బుక్కు తీసి 17 తేదీలు చదివి వినిపించా.

వసూలు వాళ్లు ఫోన్ చేస్తే

చేస్తారు. మీకే కాదు, మీ వాళ్లకీ చేస్తారు. మా నాన్నకి చేసి "మీ అమ్మాయి అప్పు ఎగ్గొట్టింది" అన్నారు, ఆయన ఆ పూట అన్నం తినలేదు. వాదించొద్దు. ఒక మెసేజ్ తయారుగా పెట్టుకోండి, "ఈ లోన్ మోసంతో తీసుకున్నది, ఎఫ్ఐఆర్ నంబరు ఇది, గ్రీవెన్స్ నంబరు ఇది, ఇక రాతపూర్వకంగానే మాట్లాడండి" అని, ప్రతి కాల్ తర్వాత అదే పంపండి. ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత వసూలు కాల్స్ చేయకూడదని ఆర్‌బీఐ రూలు ఉంది, ఆ వేళల్లో వస్తే స్క్రీన్‌షాట్ తీసి అంబుడ్స్‌మన్ ఫిర్యాదుకి కలపండి. ఇంట్లో వాళ్లకి ముందే చెప్పేయండి. దాచితే వాళ్లకి బయటివాడి నోటి నుంచి తెలుస్తుంది.

ఇంకో రకం ఫోన్లు కూడా వస్తాయి. మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, 5 వేలు ఫీజు అంటారు. మీ ఆధార్‌తో నేరం జరిగింది, వీడియో కాల్‌లో కూర్చోండి, కదలొద్దు అంటారు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు, పెట్టేయండి. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, మీ కాగితాలతో ఎవరో బ్యాంకు అకౌంట్ తెరిచి దాని ద్వారా మోసాలు చేసి ఉంటే, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నిజమైన నోటీసు కాగితం రూపంలో రావొచ్చు. దాన్ని ఫేక్ అని చింపేయకండి. మీ దగ్గరి స్టేషన్‌కి తీసుకెళ్లి నిజమో కాదో కనుక్కుని, లాయరు ద్వారా మీ ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి జవాబివ్వండి. మీ ఎఫ్ఐఆర్ తేదీ వాళ్ల నోటీసు కంటే ముందుది అయితే సగం బరువు దిగినట్టే.

జిరాక్స్ షాపు

నావి ఎక్కడ లీక్ అయ్యాయో ఇప్పటికీ తేలలేదు. కానీ ఈ గొడవ మధ్యలోనే ఏదో ప్రింట్ తీయించుకోవడానికి ఒక జిరాక్స్ షాపుకి వెళ్లి, వాట్సాప్‌లో ఫైల్ పంపి, ఆ కుర్రాడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే చూశా, ఆధార్లు, పాన్‌లు, పెళ్లి ఫోటోలు, ఎవరివో మార్కుల మెమోలు, కిందికి జరుపుతుంటే అవి అయిపోవడం లేదు. "డిలీట్ చేయవా బాబూ" అంటే "టైమెక్కడిదండీ" అన్నాడు. తప్పు వాడిది కూడా కాదు. అప్పటి నుంచి ప్రింట్ అయ్యాక నా ఫైల్ నా ముందే తీయించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించి గానీ కదలను. వెనకాల క్యూలో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. కాపీ ఇవ్వక తప్పని చోట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నా, కాగితం మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని తేదీ రాస్తున్నా, అక్షరాలు ఫోటో మీదకి కొంచెం ఎక్కేలా.

డిసెంబరులో లెటర్ వచ్చింది, రెండు లైన్లు, క్షమాపణ లాంటిది ఏమీ లేదు. జనవరిలో రిపోర్టు తీస్తే ఆ లోన్ లేదు, 5 ఎంక్వైరీల్లో 2 ఇంకా ఉన్నాయి, వాటికి మళ్లీ డిస్ప్యూట్ పెట్టాను. నాలుగు సంస్థలు ఏడాదికి ఒక్కో ఫ్రీ రిపోర్టు ఇస్తాయి కాబట్టి ఇప్పుడు 3 నెలలకి ఒకటి చొప్పున వంతులేసుకున్నా, గోడ మీద క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టా. ఏప్రిల్ వంతు ఈక్విఫాక్స్‌ది.